కోటలో వంటిల్లు

నరసరావుపేట కోర్టు వెనక సందులో, జిరాక్సు షాపుకూ చెప్పుల కొట్టుకూ మధ్య ఇరుక్కుని ఇన్నయ్య కర్రీ పాయింట్ ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ప్లీడరు గుమాస్తాలూ, వాయిదాలకు వచ్చిన పల్లెటూరి జనమూ అక్కడ మూగుతారు. పప్పుచారు కట్టించుకునే లోపల వాళ్ళ కళ్ళు గోడ మీది ఫోటో మీద పడతాయి. కింద పచ్చిక, వెనక మంచుకొండ, మధ్యలో గుట్ట మీద ఒక రాతికోట. ఏ క్యాలెండరులోదో చించి అంటించాడనుకుంటారు. కాదు, ఇన్నయ్య స్వయంగా తీసిందే. వంటమనిషి తీసిన ఫోటో కాబట్టి ఓ మూల అన్నం గుండిగ అంచు కూడా పడింది.

"ఏందిది ఇన్నయ్యా, ఏ ఊరు?" అని కొత్తవాళ్ళు అడుగుతారు.

"ఆస్ట్రియా దేశం. ఆరుసార్లు పోయా."

"అబ్బో! కోట లోపల ఎట్టుంటది?"

"నేను లోపలికి పోలా," అంటాడు ఇన్నయ్య, పొట్లానికి దారం చుడుతూ.

ఆరుసార్లు తిరుపతి కొండెక్కి ఆరుసార్లూ దర్శనం లేకుండా దిగినవాణ్ణి చూసినట్టు చూస్తారు అతన్ని. గుమాస్తాలు మాత్రం నవ్వుతారు. ఆ మాట వాళ్ళు వెయ్యిసార్లు విన్నారు. వాళ్ళకు తెలియనిది, ఆ మాట అన్న ప్రతిసారీ ఇన్నయ్యకు లోపల ఎక్కడో కలుక్కుమంటుందని.

ఇన్నయ్యది రాజుపాలెం దగ్గర పల్లె. తండ్రి పత్తి జిన్నింగు మిల్లులో కూలి. చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోతే, నరసరావుపేటలో పెళ్ళిళ్ళకు వంట చేసే అలీ సాహెబ్ దగ్గర చేరాడు. అలీ సాహెబ్ మంచి వంటగాడు, మహా కోపిష్టి. ఉప్పు ఎక్కువైతే గరిటె విసిరేవాడు. తక్కువైతే గుండిగే విసిరేవాడు. కానీ ఏ ఇంటికి వంటకు వెళ్ళినా గుమ్మంలో యజమాని సలామును కూడా పట్టించుకోకుండా సరాసరి వంటింట్లోకి నడిచేవాడు. పొయ్యి ఎటు ఉంది, పొగ ఎటు పోతోంది, నీళ్ళు ఎంత దూరం అని చూసేవాడు. "ఇంటి సంగతి ఇంటాయన నోరు చెప్పదు బేటా, వంటిల్లు చెబుద్ది," అనేవాడు. ఆ అలవాటు ఇన్నయ్యకు పట్టుకుంది. చర్చికి వెళ్ళినా ఫాదరు గారి వంటగదిలోకి ఓసారి తొంగి చూడకుండా రాడు. పెళ్ళిచూపుల నాడు కూడా పిల్లను చూడటానికి ముందు పొయ్యి చూశాడని మార్తమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. అది అబద్ధమేం కాదు.

యూరప్ టూర్లు మొదలైంది రెండువేల పద్నాలుగులో. గుంటూరులో ఒక టూర్ల కంపెనీ వాళ్ళు ఎండాకాలంలో మనవాళ్ళను నలభై మందిని ఒక బస్సులో వేసి దేశాలు తిప్పేవారు. పది రోజులు రొట్టెముక్కలు తిని బతకమంటే మనవాళ్ళు బతుకుతారు గానీ, బతికినట్టు ఒప్పుకోరు. అందుకని కంపెనీ వాళ్ళు వెంట ఒక వంటమనిషిని తీసుకువెళ్ళేవారు. ఏదో పెళ్ళిలో ఇన్నయ్య చేతి వంట తిన్నవాళ్ళు పేరు చెబితే, కబురు వచ్చింది. కందిపప్పు, చింతపండు, కారం, గోంగూర పచ్చడి సీసాలు, రెండు పెద్ద గుండిగలు, తెడ్డు. ఆ సామాన్లతో ఇన్నయ్య విమానం ఎక్కాడు. మార్తమ్మ మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేసింది.

ఆ టూరులో ఏడో రోజున ఒక కొండ ఊరు వచ్చేది. ఊరి మీద గుట్ట, గుట్ట మీద కోట. జనం బస్సు దిగి, నలభై నిమిషాలు కాలిబాటన ఎక్కి, కోట చూసి, రెండు గంటలకల్లా ఆకలితో దిగేవారు. కింద ఒక ముసలామె ఇంటి వెనక షెడ్డును కంపెనీ వాళ్ళు వంటకు మాట్లాడుకున్నారు. ఆమె పేరు ఇన్నయ్యకు నోరు తిరగలేదు. అవ్వా అని పిలిచేవాడు, ఆమె పలికేది. అవ్వ మంచిదే గానీ ఒక్క షరతు పెట్టింది. పొయ్యి వెలిగిందంటే మనిషి దాని దగ్గర్నించి కదలడానికి వీల్లేదు. ఆమె చిన్నప్పుడు ఆ ఊళ్ళో సగం ఇళ్ళు కాలిపోయాయట. పైగా అది ఎత్తు మీది ఊరు. నీళ్ళు తొందరగా తెర్లుతాయి, పప్పు మాత్రం ఎంతకీ ఉడకదు. మన దగ్గర అరగంటలో మెత్తబడే కందిపప్పు అక్కడ గంటన్నర మొరాయించేది. కాబట్టి జనం కోట ఎక్కుతుంటే ఇన్నయ్య పప్పుకు కాపలా ఉండేవాడు.

మొదటి ఏడు అతనికి కోట మీద అంత ధ్యాస కూడా లేదు. రెండో ఏడు అవ్వ అతని తెడ్డును చేత్తో పట్టుకుని, బరువు చూసి, నవ్వి, పైకి కోట వంక చూపించి ఏదో చెప్పింది. టూరు మేనేజరు ఫైజల్ గుంటూరు కుర్రాడు, నాలుగు ముక్కలు ఆ భాష వచ్చు.

"పైన కోటలో ఐదొందల ఏళ్ళనాటి వంటిల్లు ఉందంటన్నా," అన్నాడు. "పొయ్యిలో ఎద్దును నిలువునా కాల్చేవాళ్ళంట. వంటోళ్ళు పన్నెండు మందంట. అంతా అట్లాగే ఉంచారంట."

అంతే. ఆ రోజు నుంచి ఇన్నయ్యకు కోట అంటే రాజూ కాదు, బురుజూ కాదు. వంటిల్లు. పన్నెండు మంది వంటవాళ్ళు నిలబడిన చోటు. పొయ్యి ఎటు ఉంది? పొగ ఎట్లా పోయేది? అంత గుట్ట మీదికి నీళ్ళు ఎవరు మోశారు? ఆ ఎత్తులో వాళ్ళకైనా పప్పు ఉడికేదా?

షెడ్డు తలుపు తెరిస్తే కోట ఒక పక్క మొత్తం కనిపించేది. ఆ వైపు గోడకు ఒకే ఒక చిన్న కిటికీ. కిటికీ పైన రాయి నల్లగా ఉండేది. వానకు పాచి పట్టిందనుకున్నాడు ఇన్నయ్య. తెడ్డు తిప్పుతూ, ఆ కిటికీ వంక చూస్తూ, లోపల వంటిల్లు ఎక్కడ ఉండి ఉంటుందా అని ఊహించుకునేవాడు.

దిగి వచ్చినవాళ్ళను అడిగేవాడు. వడ్డిస్తూ, ఒక్కొక్కరినీ, వదలకుండా.

"వంటిల్లు చూశారాండి?"

"వంటిల్లా? పైనుంచి వ్యూ మాత్రం అదిరిందయ్యా. కొంచెం చారు పొయ్యి."

"రాజుగారి మంచం చూశాం. ఇంతే ఉంది, మన నవారు మంచమే నయం."

"అన్నీ పాత గోడలే ఇన్నయ్యా, ఏముంది అక్కడ! నీ గోంగూర కోసం దిగొచ్చాం గానీ."

ఏడాదికి నలభై మంది చొప్పున నాలుగేళ్ళలో నూట అరవై మంది ఎక్కి దిగారు. ఒక్కడికీ పొయ్యి ఎటు ఉందో తెలియదు! తిన్న చెయ్యి కడుక్కుని పోయే జనానికి వండిన చోటుతో పనేముంది? ఇన్నయ్యకు ఒళ్ళు మండేది. పైకి మాత్రం ఇంకాస్త చారు పోసేవాడు.

ఆరో ఏడు, అంటే రెండువేల పంతొమ్మిది జూన్‌లో, బస్సులో రాజుపాలెం మనుషులు తగిలారు. వెంకట్రామయ్య, ఆయన భార్య రామాయమ్మ. డెబ్బై ఏళ్ళ రైతు, మిరప, పత్తి వేస్తాడు. తమ పక్క ఊరి పిల్లాడే వంటవాడని తెలిసిన దగ్గర్నించి వెంకట్రామయ్య ఇన్నయ్యను వదల్లేదు. రెండో రోజుకే బాబాయ్, పిన్ని అయిపోయారు. ఇన్నయ్య తన వంటింటి గోల మొత్తం ఆయనకు చెప్పుకున్నాడు. ఆయన శ్రద్ధగా విని, "దానికేముంది అబ్బాయ్, పొయ్యి వెలిగించకుండా ఉంటే సరి," అన్నాడు.

ఇంత సులువైన ఉపాయం నాలుగేళ్ళుగా తట్టలేదు చూడండి! ఇన్నయ్య తెల్లవారుజామునే లేచి నలభై మందికి పులిహోర కలిపాడు, దద్దోజనం కలిపాడు, పొయ్యి ఆర్పేశాడు, అవ్వకు తాళం ఇచ్చేశాడు. స్నానం చేసి, మార్తమ్మ ఇస్త్రీ చేసి పెట్టిన నీలం గళ్ళ చొక్కా వేసుకున్నాడు. ఆరేళ్ళుగా అది పెట్టె అడుగున అలాగే వస్తూ పోతూ ఉంది. రామాయమ్మకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి ఆవిడ బస్సులోనే ఉండిపోయింది. ఫైజల్ ఆవిడకు తోడున్నాడు. మిగతా జనం, వాళ్ళ వెనక ఇన్నయ్య, వెంకట్రామయ్య, బాట పట్టారు.

సగం దూరం ఎక్కారు. కోట తలుపు మీది ఇనుప బొడిపెలు కూడా కనిపిస్తున్నాయి. అప్పుడు ఫోన్ మోగింది. ఫైజల్.

"అన్నా, రామాయమ్మ గారికి ఒళ్ళు వణుకుతా ఉంది. షుగరు మాత్ర వేసుకున్నారంట, పులిహోర పుల్లగా ఉందని ముట్టుకోలేదంట. జ్యూస్ తాగించా, కాస్త తేరుకున్నారు. వేడిగా అన్నం, పప్పు ఉంటే తింటానంటున్నారు. ఏం చేద్దాం?"

వెంకట్రామయ్య కూడా విన్నాడు. వెంటనే వెనక్కి తిరిగాడు. ఇన్నయ్య ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మీరు దిగి ఏం చేస్తారు బాబాయ్? పిన్నికి కావాల్సింది మీరు కాదు, అన్నం. మీరు పైకి పొండి. మీరు మళ్ళీ ఎప్పుడొస్తారు? నేనంటే ఏటా వచ్చేవాణ్ణే."

ఆ చివరి మాట ఇన్నయ్య తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నాడో. నేనంటే ఏటా వచ్చేవాణ్ణే! దేవుడు వింటూ ఉంటాడని మార్తమ్మ ఊరికే అనదు.

దిగి, తాళం తీయించి, పొయ్యి వెలిగించి, అత్తెసరు పెట్టి, చిన్న గిన్నెలో ఇంత పప్పు వేశాడు. ఆ పప్పు ఆ ఊళ్ళో ఉడకడమంటే మాటలా! పక్కన నిలబడి తిప్పుతూనే ఉన్నాడు. రామాయమ్మ తిన్నది, ముఖంలోకి రంగు వచ్చింది, "నీ కడుపు చల్లగుండ," అంది. అంతలో జనం దిగారు.

"వంటిల్లు చూశారా బాబాయ్?" అన్నాడు ఇన్నయ్య.

"చూడకేం! నీ కోసమే చూశా. మొత్తం ఫోన్‌లో వీడియో తీసిపెట్టా," అన్నాడు వెంకట్రామయ్య. "అది పంపటం నాకు చేతకాదు. ఊరెళ్ళాక మా అబ్బాయి మహేష్‌తో పంపిస్తాలే. కాదు, నువ్వే రా. ఇంట్లో టీవీకి తగిలించి పెద్దగా చూద్దాం. కూర్చుని చూడాల్సిన సంగతది."

ఇన్నయ్య ఆగాడు. పెద్దగా చూద్దామని ఆశపడి ఆగాడు. అది అతని తప్పు. ఆ ఎండాకాలమంతా ఇంకో రెండు బస్సుల జనానికి వేరే దేశాల్లో వంట చేశాడు. తిరిగొచ్చాక పెళ్ళిళ్ళు. సంక్రాంతి పోయాక వెళదామనుకున్నాడు. మార్చిలో కరోనా వచ్చింది. టూర్లు ఆగిపోయాయి. మళ్ళీ మొదలయ్యేనాటికి కంపెనీ వాళ్ళు వంటవాళ్ళను తీసుకువెళ్ళడం మానేసి, అక్కడి ఇండియా హోటళ్ళతో మాట్లాడుకున్నారు. కరోనా రెండో ఏడు మే నెలలో, రాజుపాలెం నుంచి వచ్చిన ఆటో అతను కర్రీ పాయింట్ దగ్గర మాటల్లో చెప్పాడు, వెంకట్రామయ్య పోయాడని.

ఇన్నయ్య ఆ పూట కొట్టు కట్టేశాడు. ఏడ్చాడు కూడా. ఏడుస్తూ ఉండగా వీడియో గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు సిగ్గుపడ్డాడు. అయినా గుర్తొస్తూనే ఉంది. పరామర్శకు వెళ్ళాడు, గడప దగ్గర కూర్చున్నాడు, రామాయమ్మ ముందు తల వంచుకుని లేచి వచ్చాడు. చావింటికి పోయి ఫోన్ అడిగేదెట్లా?

నాలుగేళ్ళు అలా గడిచాయి. అతని దిగులు చూడలేక ఒకనాడు మార్తమ్మ, "కోటే గదా నీకు కావాల్సింది, కొండవీడు పోదాం పద, సొంత దేశంలోదే," అని బయలుదేరదీసింది. ఘాట్ రోడ్డు మీద ఆటోలో ఎక్కారు. ఇన్నయ్య బురుజులు చూశాడు, చెరువులు చూశాడు, రాళ్ళ మధ్య పొద్దుగుంకే దాకా తిరిగాడు. కనిపించిన ప్రతి మనిషినీ వంటిల్లు ఎక్కడని అడిగాడు. అతని ప్రశ్నలు కొండవీటి చాంతాడంత. జవాబు మాత్రం ఒక్కడి దగ్గరా లేదు. రెడ్డిరాజులు పోయినా గోడలు మిగిలాయి. వండిపెట్టినవాళ్ళకు ఒక్క పొయ్యిరాయి కూడా మిగల్లేదు.

"నాకు చచ్చేలోపల ఒక్కసారి ఆ పొయ్యి చూడాలని ఉందే," అన్నాడు ఇంటికొచ్చాక. మార్తమ్మ వెక్కిరించలేదు.

పోయిన వేసవిలో రాజుపాలెం నుంచి మహేష్ ఫోన్ చేశాడు. వాళ్ళ అమ్మాయి హరితకు ఓణీల ఫంక్షన్, మూడొందల మందికి వంట. "ఇన్నయ్యే చెయ్యాలని మా అమ్మ పట్టు పట్టింది," అన్నాడు.

ఆ రోజు ఇంటి వెనక చింతచెట్టు కింద పొయ్యిలు పెట్టారు. పొద్దున్నే రామాయమ్మ కుర్చీ వేయించుకుని వచ్చి కూర్చుంది. చేతికర్ర వచ్చింది, చూపు తగ్గింది, మాట మాత్రం తగ్గలేదు. మామిడికాయ పప్పు కదుపుతున్న ఇన్నయ్యను చూస్తూ, "ఆ పరాయి దేశంలో నీ చేతి పప్పే నన్ను బతికించింది," అని వచ్చిపోయేవాళ్ళకల్లా చెబుతోంది.

వంటలన్నీ దిగాక, జనం పందిట్లో ఉండగా, ఇన్నయ్య ఆవిడ కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. నాలుగేళ్ళు మింగిన మాట అప్పుడు బయటికి వచ్చింది.

"పిన్నీ, ఆ రోజు బాబాయ్ కోటలో నా కోసం వీడియో తీశాడు. ఆ ఫోన్ ఉందా?"

రామాయమ్మ చేతికర్రను ఒళ్ళోకి తీసుకుంది.

"ఉంది," అంది. "బీరువాలో పెట్టా. ఆయన పోయినాక దాన్ని తెరవనియ్యలా నేను. ఫోటోలంటే చూడగలనేమో గానీ, ఆయన గొంతు వినే ధైర్యం నాకు లేదబ్బాయ్."

"అయితే వద్దులే పిన్ని," అన్నాడు ఇన్నయ్య. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. లేచి వెళ్ళి గుండిగలు కడిగించుకుంటున్నాడు.

భోజనాలు అయ్యాయి. పందిరి ఖాళీ అయ్యింది. ఇన్నయ్య సామాను ఆటోలో సర్దుతుంటే మహేష్ వచ్చి, "అమ్మ లోపలికి రమ్మంటుంది," అన్నాడు. లోపల మంచం మీద రామాయమ్మ, పక్కన ఛార్జరుకు తగిలించిన పాత ఫోన్. ఆవిడ మంచం కోడును గట్టిగా పట్టుకుని ఉంది.

"ఆ రోజు నాకు అన్నం పెట్టటానికి నువ్వు సగంలో దిగొచ్చావని ఆయన చెప్పాడు. పోయేదాకా చెబుతూనే ఉన్నాడు. పెట్టరా మహేషూ."

టీవీకి తగిలించే ఓపిక ఎవరికీ లేదు. మహేష్ వెతికి, వీడియో పెట్టి, ఫోన్ ఇన్నయ్య చేతికిచ్చాడు. తెర నిండా చీకటి. సగం దాకా ఎర్రగా, మందంగా ఏదో అడ్డం. అది వెంకట్రామయ్య బొటనవేలు. ఇన్నయ్య ఫోన్ అటూ ఇటూ తిప్పి చూశాడు. పొయ్యి లేదు, గోడ లేదు, ఏమీ లేదు. ఆరేళ్ళ ఎదురుచూపుకు ఒక వేలు! అంతలో గొంతు వచ్చింది.

"ఒరేయ్ అబ్బాయ్, ఇన్నయ్యా. ఎర్ర చుక్క వచ్చింది, పడుతున్నట్టే ఉంది. ఇదిగో నీ వంటిల్లు. చానా చీకటిగా ఉంది, నీకు కనపడుద్దో లేదో, నేను చెబుతా విను. పొయ్యి తలుపుకు ఎదురు గోడకుంది. నా మూరతో కొలిచా, తొమ్మిది మూరలు. పైన పొగగూడు, పొగాకు కాల్చే బ్యారనంత. తల లోపల పెట్టి చూశా, ఆకాశం కనపడింది. ఇక్కడి కాపలా ఆయన కేకలేశాడు. ఆయన భాష నాకు రాదు గదా, ఇంకోసారి పెట్టి చూశా."

మహేష్ ఫక్కున నవ్వాడు. రామాయమ్మ కళ్ళు మూసుకుని వింటోంది.

"నీళ్ళు మొయ్యటం లేదబ్బాయ్, లోపలే బావి ఉంది. ఇంకో సంగతి. పొయ్యి ముందు నేల మీద రాయి ఒకచోట గుంటపడింది. రెండు పాదాలంత. వంటోడు నిలబడ్డ చోటు కాబోలు, ఎన్ని తరాలు నిలబడితే అట్లా అరిగిద్దో! నేను చెప్పులిప్పి నిలబడ్డా. నా కాలికి పట్టలా. నువ్వు నిలబడాల్సింది."

ఇన్నయ్యకు తెర మసకబారింది. చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుని ఫోన్‌ను చెవికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఇక్కడో కిటికీ ఉంది, చిన్నది. పైనంతా మసి. పొగ ఇందులోంచి కూడా పోయేది గామాల. ఉండు, బయటికి చూస్తా. ఒరేయ్! నీ షెడ్డు కనపడుతుందిరా! తలుపు తీసే ఉంది. అదిగో నువ్వు, నీలం చొక్కా. వంగి ఏందో తిప్పుతున్నావు. మా ఆవిడకే. ఇన్నయ్యా! ఒరేయ్ ఇన్నయ్యా! ఇటు, పైకి చూడు! చెయ్యి ఊపుతున్నా!" కాసేపు గాలి చప్పుడు. ఆయన ఆయాసం. "ఇంత దూరం ఏం వినపడుద్దిలే. సరే, పని చేసుకో. నేను ఇంకాసేపు ఇక్కడే నిలబడతా, చూస్తావేమో."

ఆ తర్వాత రెండు నిమిషాలు మాట లేదు. గాలి ఒక్కటే. తర్వాత వీడియో అయిపోయింది.

అది పాచి కాదు, మసి. నలభై ఏళ్ళు మసి తుడిచిన చేతులవాడు ఆరేళ్ళు ఎదురుగా ఉన్న మసిని పోల్చుకోలేకపోయాడు. వెతుకుతున్న వంటిల్లు కిటికీలోంచి అతని వంకే చూస్తూ ఉంది.

రామాయమ్మ కళ్ళు తెరిచింది. ఏడుస్తుందనుకున్నారు గానీ ఏడవలేదు. తడుముతూ ఇన్నయ్య భుజం మీద చెయ్యి వేసింది.

"చూశావా అబ్బాయ్? ఆయన అంతసేపు నిలబడ్డాడు గదా. పైకి చూశావా?"

"లేదు పిన్నీ," అన్నాడు ఇన్నయ్య. "ఏటా ఆ కిటికీనే చూస్తా వండా. ఆ ఒక్క పూటే చూడలా. నీ పప్పు అడుగంటుద్దేమోనని తలెత్తలా."